పదకొండేళ్ల పని అనుభవానికి డిగ్రీలో క్రెడిట్లు అడగడం ఎలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను 11 సంవత్సరాలుగా చిన్న వ్యాపార సంస్థలలో లెక్కలు రాసే పని చేస్తున్నాను. చిట్టా పద్దులు రాయడంతో మొదలై ఆవర్జా ఖాతాలు, బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక, నెలాఖరు సర్దుబాట్లు, చివరకు ముగింపు లెక్కల ముసాయిదా వరకు ఒక్కొక్కటిగా నా చేతికి వచ్చాయి. వీటిలో ఏదీ తరగతిలో కూర్చుని నేర్చుకున్నది కాదు. కొన్ని పై అధికారి దగ్గర, కొన్ని ఆడిటర్లు వచ్చి తప్పులు చూపించినప్పుడు, మిగిలినవి రాత్రిళ్లు పుస్తకాలు ముందు పెట్టుకుని నేర్చుకున్నాను.

చాలా ఏళ్ల కిందట వాణిజ్యశాస్త్రంలో డిగ్రీకి చేరి, మొదటి సంవత్సరం ఉత్తీర్ణత సాధించాక ఇంటి పరిస్థితుల వల్ల మానేశాను. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటూనే వ్యాపార నిర్వహణలో డిగ్రీ పూర్తిచేయాలని మళ్లీ చేరాను. మొదటి సంవత్సరంలో అకౌంటింగ్ మూలసూత్రాలు, కార్యాలయంలో కంప్యూటర్ వినియోగం, వ్యాపార గణాంకశాస్త్రం అనే కోర్సులు ఉన్నాయి. మొదటి రెండింటిలో చెప్పేది దాదాపుగా నా రోజువారీ పనే. పూర్వ అభ్యసనాన్ని, అంటే కోర్సులో చేరకముందే పనిలోనో స్వయంగానో నేర్చుకున్నదానిని, గుర్తించి క్రెడిట్లు ఇచ్చే వెసులుబాటు ఉందని తెలిసి దరఖాస్తు ఫారం తీసుకున్నాను. అందులో ఉద్యోగ వివరాలకు నాలుగు గళ్లు మాత్రమే ఉన్నాయి, మిగిలిన ఆరు పేజీలలో ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: "ఈ అభ్యసన ఫలితాన్ని మీరు ఎలా సాధించారో ఆధారాలతో వివరించండి." నాలుగు రోజులుగా ఆ ఫారం బల్ల మీదే ఉంది. ఒక్క వాక్యం కూడా రాయలేకపోయాను.

నా సందేహాలు ఇవి. ఉద్యోగ అనుభవ ధ్రువపత్రం జతచేస్తే సరిపోదా? పాత డిగ్రీలో మొదటి సంవత్సరం మార్కులకు ఇప్పుడు ఏమైనా విలువ ఉంటుందా? నేను మొదటి ఆరేళ్లు పనిచేసిన సంస్థ మూతపడింది, అక్కడి కాగితం ఒక్కటి కూడా నా దగ్గర లేదు; ఆ ఆరేళ్లను ఎలా చూపించాలి? ఇంకొక సంగతి చెప్పడానికి సంకోచంగా ఉన్నా అడుగుతున్నాను. తోటి విద్యార్థులు సెమిస్టరంతా కష్టపడి సంపాదించుకునే క్రెడిట్లను నేను తరగతికి వెళ్లకుండా అడగడం న్యాయమేనా అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు. ఈ దారిలో నడిచినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1

నమస్కారం. నేను కొన్నేళ్లపాటు ఇలాంటి దరఖాస్తులను పరిశీలించి మదింపు చేసే పనిలో ఉన్నాను కాబట్టి, బల్లకు అవతలివైపు కూర్చున్నవారు ఏమి వెతుకుతారో చెప్పగలను. ఆ ఫారంలో ఉద్యోగ వివరాలకు నాలుగు గళ్లే ఎందుకు ఉన్నాయన్నదానిలోనే మీ మొదటి సందేహానికి సమాధానం ఉంది. క్రెడిట్ అనుభవానికి ఇవ్వరు. ఆ అనుభవం వల్ల మీరు నేర్చుకున్నదానికి ఇస్తారు. ఈ రెండూ ఒకటే అనుకుని దరఖాస్తు రాసినవారే ఎక్కువగా తిరస్కరణకు గురవుతారు.

గంటల లెక్కన చూస్తే మీకు అన్యాయం జరుగుతున్నట్టే అనిపిస్తుంది. ఐరోపా క్రెడిట్ విధానంలో పూర్తికాలం చదివే ఒక విద్యా సంవత్సరానికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ అని లెక్క. ఆ లెక్క ప్రకారం 6 క్రెడిట్ల కోర్సు అంటే 150 నుంచి 180 గంటలు. మీరు అన్ని గంటలు రెండు నెలల్లోపే పనిచేసి ఉంటారు. అయినా ఆ గంటలు తరగతిలోని విద్యార్థికి కూడా క్రెడిట్ తెచ్చిపెట్టవు. ఆ గంటలన్నీ గడిపి పరీక్ష తప్పినవారికి ఏమీ రాదు కదా. ఆ గంటల చివర విద్యార్థి ఏమి చేయగలగాలని కోర్సు కోరుతుందో దానినే అభ్యసన ఫలితం అంటారు. మిమ్మల్ని అడిగేది కూడా సరిగ్గా అదే.

ఫ్రాన్సులో ఈ విషయం చట్టంలోనే ఎలా మారుతూ వచ్చిందో చూడండి. అనుభవం ద్వారా సాధించినదానికి పూర్తి డిప్లొమా కూడా పొందే హక్కును అక్కడ 2002లో చట్టం చేసినప్పుడు కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలన్నారు. 2016లో దానిని ఒక్క ఏడాదికి తగ్గించారు. 2022 చివరలో వచ్చిన చట్టంతో ఆ కనీస కాలపరిమితినే తొలగించారు. ఏళ్లు లెక్కపెట్టడం కంటే నేర్చుకున్నదానిని పరీక్షించడమే ముఖ్యమని ఇరవై ఏళ్ల ఆచరణ తరువాత తేల్చుకున్నారని నేను అర్థం చేసుకున్నాను.

ఇక ఫారం దగ్గరికి వద్దాం. ముందుగా మీ ఉద్యోగ చరిత్రను పక్కన పెట్టి, అకౌంటింగ్ కోర్సు సిలబస్‌లో అభ్యసన ఫలితాలు రాసిన పేజీని మాత్రమే ముందు పెట్టుకోండి. ప్రతి ఫలితంలోనూ క్రియాపదం కింద గీత గీయండి. "నమోదు చేయగలగాలి" అంటే ఒక స్థాయి, "వివరించగలగాలి" అంటే మరొకటి, "పోల్చి నిర్ణయించగలగాలి" అంటే ఇంకా పై స్థాయి. పనిలో పండినవారు చాలామంది మొదటి స్థాయి ఆధారాలను కుప్పలుగా తెచ్చి, మూడవ స్థాయి ఫలితం ముందు పెడతారు. తరుగుదలను (ఆస్తి విలువ ఏటా తగ్గే మొత్తాన్ని) లెక్కించిన పట్టికలు యాభై ఉన్నా, ఏటా ఒకే మొత్తం తగ్గించే స్థిర వాయిదాల పద్ధతిని ఎందుకు ఎంచుకున్నారో, మిగిలిన విలువ మీద ఏటా ఒకే శాతం తగ్గించే తగ్గుతున్న నిల్వల పద్ధతిని ఎంచుకుని ఉంటే తొలి ఏళ్ల లాభం ఎలా మారేదో చెప్పే ఒక్క పేజీ లేకపోతే "పోల్చి నిర్ణయించగలగాలి" అన్న ఫలితం ఖాళీగానే ఉంటుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇరవై ఏళ్లకు పైగా లెక్కల విభాగంలో పనిచేసిన ఒకరు ఒక పెద్ద పెట్టెడు కాగితాలతో వచ్చారు. అంకణా (ఖాతాల డెబిట్, క్రెడిట్ నిల్వల మొత్తాలను సరిచూసే పట్టిక) సరిపోయిందంటే పుస్తకాలలో తప్పులు లేనట్టేనా అని మౌఖిక పరీక్షలో అడిగాం. లేనట్టేనన్నారు. యంత్రం కొనుగోలును పొరపాటున మరమ్మతు ఖర్చుగా రాసినా అంకణా చక్కగా సరిపోతుంది, కానీ లాభమూ తప్పు, ఆస్తుల విలువా తప్పు. ఈ సంగతి వారికి ఇరవై ఏళ్లలో ఎదురుకాకపోయి ఉండవచ్చు, లేదా ఎదురైనప్పుడు మరొకరు సరిచేసి ఉండవచ్చు. తరువాత వచ్చిన వ్యక్తికి మూడేళ్ల అనుభవమే. కానీ అనామతు ఖాతాలో (కారణం తేలని తేడాను తాత్కాలికంగా ఉంచే ఖాతాలో) మిగిలిపోయిన ఒక చిన్న మొత్తాన్ని పట్టుకుని ఎక్కడెక్కడ వెతికారో, ఏ ఊహలు తప్పాయో, చివరకు ఒకే బిల్లు ఒకవైపు మాత్రమే నమోదైందని ఎలా కనిపెట్టారో రెండు పేజీలలో రాసుకొచ్చారు. ఆ రెండు పేజీలే నాలుగు అభ్యసన ఫలితాలకు సరిపోయాయి.

ఆధారాలను మేము నాలుగు ప్రశ్నలతో చూస్తాం. ఇది ఈ ఫలితానికి సంబంధించినదేనా, ఇది నిజంగా మీరు చేసినదేనా, ఇది నేటికీ చెల్లుతుందా, ఇంతమాత్రం సరిపోతుందా అన్నవి ఆ ప్రశ్నలు. వీటిలో రెండవదాన్ని దరఖాస్తుదారులు తక్కువగా అంచనా వేస్తారు. ఇప్పుడు బ్యాంకు నిల్వల సమన్వయాన్ని చాలావరకు సాఫ్ట్‌వేరే చేసిపెడుతుంది. అచ్చు తీసిన పట్టిక సాఫ్ట్‌వేర్ సామర్థ్యానికి ఆధారమవుతుంది గానీ మీ సామర్థ్యానికి కాదు. జారీచేసినా బ్యాంకుకు ఇంకా చేరని చెక్కులను, మీ పుస్తకంలో నమోదు కాని బ్యాంకు ఛార్జీలను ఆ పట్టికలో వేలుపెట్టి చూపించి, పక్కన మీ చేతితో రెండు వాక్యాలు రాస్తే అది మీ ఆధారం అవుతుంది. ప్రతి కాగితం మీదా ఇది దేనికి ఆధారమో, ఇందులో నా పని ఎంతవరకో చెప్పే అలాంటి చిన్న వ్యాఖ్య ఉండాలి. వ్యాఖ్య లేని వంద కాగితాల కంటే వ్యాఖ్య ఉన్న పది కాగితాలను చదవడానికి ఏ మదింపుదారు అయినా ఇష్టపడతారు.

ఖాతాదారుల పేర్లు, ఖాతా సంఖ్యలు, జీతాల వివరాలు కనిపించకుండా నల్లగా కొట్టివేసి, యజమాని అనుమతి తీసుకున్నాకే కాగితాలను జతచేయండి. గోప్యత పాటించకపోతే లెక్కల వృత్తిలో అది మీ నైపుణ్యానికే మచ్చ అవుతుంది.

జవాబు 2

పై జవాబు పోర్ట్‌ఫోలియో గురించి, అంటే వ్యాఖ్యలతో కూర్చిన ఆధారాల సంపుటి గురించి, సమగ్రంగా ఉంది. మీ పాత మార్కుల సంగతి దానికి పూర్తిగా వేరు. గుర్తింపు పొందిన ఒక సంస్థలో పరీక్ష రాసి ఉత్తీర్ణులైన కోర్సును మరొక సంస్థ తన కోర్సుతో సమానంగా అంగీకరించడాన్ని క్రెడిట్ బదిలీ అంటారు. అక్కడ మీ సామర్థ్యాన్ని మళ్లీ పరీక్షించరు. రెండు సిలబస్‌లను పక్కపక్కన పెట్టి విషయం, స్థాయి, గంటలు ఎంతవరకు కలుస్తాయో చూస్తారు. కాబట్టి మార్కుల పత్రం ఒక్కటే చాలదు. మీరు చదివిన సంవత్సరం నాటి సిలబస్ ప్రతి కావాలి. పాత కళాశాలకు రాసి దానిని తెప్పించుకోండి, ఎందుకంటే సిలబస్ లేక ఆగిపోయిన బదిలీలను నేను చాలా చూశాను. ఎన్నేళ్ల లోపు చదివినదాన్ని అంగీకరిస్తారో కూడా ముందే అడగాలి. కంప్యూటర్ వినియోగం వంటి త్వరగా మారే విషయాలలో పాత క్రెడిట్లను ఒప్పుకోకపోవడం సహజమే, అయితే ప్రతి లావాదేవీని రెండు ఖాతాలలో నమోదు చేసే జంటపద్దు విధానం అంత త్వరగా పాతబడదు.

మూడవ దారి కూడా ఒకటి ఉంది. కోర్సుకు హాజరు కాకుండా దాని పరీక్షను నేరుగా రాయడం. అమెరికాలో 1967లో మొదలైన క్లెప్ పరీక్షలు ఇందుకు బాగా తెలిసిన నమూనా. వాటిలో మార్కులు 20 నుంచి 80 వరకు ఉంటాయి. 50 వస్తే క్రెడిట్ ఇవ్వవచ్చని అక్కడి విద్యామండలి సిఫారసు చేస్తుంది, కొన్ని కళాశాలలు కొన్ని విషయాలకు అంతకంటే ఎక్కువ కోరతాయి. మీ విశ్వవిద్యాలయంలోనూ ఏదో ఒక రూపంలో ఇలాంటి పరీక్ష ఉందేమో కనుక్కోండి. కాగితాలు దొరకనివారికి, రాయడం కంటే చేసి చూపించడం తేలికైనవారికి ఈ దారి చాలా నయం. మీ విషయంలో కంప్యూటర్ కోర్సుకు పరీక్ష, అకౌంటింగ్‌కు పోర్ట్‌ఫోలియో అని విడదీసుకుంటే శ్రమ తగ్గుతుందని నా అభిప్రాయం.

దరఖాస్తుకు ముందే కార్యాలయాన్ని కొన్ని విషయాలు లిఖితపూర్వకంగా అడగండి. మొత్తం డిగ్రీలో ఈ విధంగా గరిష్ఠంగా ఎన్ని క్రెడిట్లు పొందవచ్చు? వచ్చిన క్రెడిట్లకు గ్రేడు వేస్తారా, లేక ఉత్తీర్ణత అని మాత్రమే రాస్తారా? గ్రేడు లేకపోతే సగటు లెక్కలో వాటిని ఎలా పరిగణిస్తారు? మదింపు రుసుము కోర్సు రుసుము కంటే తక్కువేనా, తిరస్కరిస్తే తిరిగి ఇస్తారా? అప్పీలు చేసుకోవచ్చా? అన్నిటికంటే ముఖ్యంగా, కోర్సు మొదలైన తరువాత దరఖాస్తును అంగీకరిస్తారా? నా మిత్రులొకరు ఈ చివరి ప్రశ్న అడగడం మరచిపోయి, గడువు దాటినందుకు తనకు పూర్తిగా తెలిసిన కోర్సునే మళ్లీ ఒక సెమిస్టరు చదవవలసి వచ్చింది. ఇంకొకటి: మినహాయింపు వేరు, క్రెడిట్ వేరు. కొన్నిచోట్ల కోర్సు నుంచి మినహాయింపు ఇస్తారు గానీ ఆ క్రెడిట్లను మరొక కోర్సుతో పూరించుకోమంటారు. మీకు వర్తించేది ఏదో స్పష్టంగా తెలుసుకోండి.

జవాబు 3

నేను ఈ ప్రక్రియలో దరఖాస్తుదారుగా ఉన్నాను కాబట్టి, సంతోషంతో పాటు ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. నాకు రెండు కోర్సులకు క్రెడిట్లు వచ్చాయి. అందులో ఒకటి గణాంకశాస్త్రం. ఉద్యోగంలో సర్వే నివేదికలు తయారుచేసేదానిని. సగటులు, శాతాలు, పట్టికలు, రేఖాచిత్రాలు నాకు కొట్టినపిండి. మదింపులో అడిగినవాటికి సమాధానం చెప్పాను, క్రెడిట్ ఇచ్చారు. మరుసటి ఏడాది పరిశోధన పద్ధతుల కోర్సు మొదటి వారంలోనే సంభావ్యత, ప్రతిచయన దోషం, పరికల్పన పరీక్షల మీద నేరుగా చర్చ మొదలైంది. తరగతిలో అందరికీ అవి ముందే తెలుసు, నాకు తెలియదు. నన్ను మదింపు చేసిన సంస్థ ఆ భాగాన్ని పైపైన అడిగి వదిలేసింది. వదిలేసినందుకు అప్పుడు నేను ఊరట చెందాను, కానీ ఆ సెమిస్టరులో నేను పడిన అవస్థకు కారణం ఆ ఊరటే.

అందుకే, దరఖాస్తు పెట్టే కోర్సు సిలబస్‌తో పాటు దాని మీద ఆధారపడి తరువాత వచ్చే కోర్సు సిలబస్‌ను కూడా చదవండి. ఆ రెండవ కోర్సు మొదటి అధ్యాయం మీకు సులభంగా అర్థమైతే దరఖాస్తు పెట్టండి. అర్థం కాకపోతే క్రెడిట్ వచ్చే అవకాశం ఉన్నా సరే, కోర్సులో కూర్చోవడమే మేలు. పనిలో నేర్చుకున్న జ్ఞానం లోతుగా ఉంటుంది గానీ అన్నివైపులా సమానంగా విస్తరించి ఉండదు. పనికి అవసరం పడని మూలలు చీకటిగానే మిగిలిపోతాయి. మీరు గణాంకశాస్త్రం పేరు చెప్పి, దాని గురించి ఇంకేమీ అనలేదు. దానిని చదవడానికే నిర్ణయించుకుని ఉంటే మంచి పని చేశారు.

జవాబు 4

మీరు సంకోచిస్తూ చివర అడిగిన ప్రశ్నకు ఇంకా ఎవరూ సమాధానం ఇవ్వలేదు. నాకు ఈ చర్చలో అన్నిటికంటే అదే ముఖ్యంగా తోచింది.

ఈ విధానం ఎవరి కోసం పుట్టిందో చూస్తే మీ సంకోచం తగ్గుతుంది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసే కాలంలో, సైన్యంలో యంత్రాలు, సమాచార ప్రసారం, వైద్యసహాయం వంటివి నేర్చుకుని ఇంటికి తిరిగివచ్చే లక్షలాది యువకులను కళాశాలలు మళ్లీ మొదటి పాఠం నుంచి చదివించాలా అన్న ప్రశ్న అమెరికాలో వచ్చింది. సైనిక శిక్షణను పరిశీలించి, అది ఏ కళాశాల కోర్సుకు ఎంతవరకు సమానమో సిఫారసు చేసే పనిని అక్కడి విద్యామండలి 1945లో మొదలుపెట్టింది. ఫ్రాన్సులో అయితే, పాఠశాల ద్వారా కాక పనిలోనే ఇంజనీర్లుగా ఎదిగినవారికి పరీక్షించి ఇంజనీరు పట్టా ఇచ్చే మార్గాన్ని 1934 చట్టంలోనే పెట్టారు.

దక్షిణాఫ్రికా అనుభవం నన్ను ఎక్కువగా కదిలిస్తుంది. వర్ణవివక్ష కాలంలో నల్లజాతి కార్మికులను చట్టాల ద్వారానే నైపుణ్యపు పనులకు, వాటి ధ్రువపత్రాలకు దూరంగా ఉంచారు. పని తెలిసినా తెలిసినట్టు చెప్పే కాగితం చేతికి రానివ్వలేదు. ఆ పాలన ముగిశాక 1995 చట్టంతో జాతీయ అర్హతల చట్రాన్ని నిర్మించినప్పుడు, పూర్వ అభ్యసనాన్ని గుర్తించడాన్ని పరిపాలనా సౌలభ్యంగా కాక, గతంలో జరిగిన అన్యాయాన్ని సరిదిద్దే సాధనంగా భావించారు. ఆచరణలో అది ఆశించినంత వేగంగా సాగలేదు, అయినా ఆ ఆలోచన సరైనదేనని నేను నమ్ముతాను.

తోటి విద్యార్థుల శ్రమతో పోల్చుకుని బాధపడుతున్నారు. మీరు ఆడిటర్ల ముందు తప్పులు ఒప్పుకుని నేర్చుకున్న రోజులు, రాత్రిళ్లు పుస్తకాలు చదివిన రోజులు శ్రమ కావా? కొలబద్ద ఇద్దరికీ ఒకటే అయినప్పుడు, ఒకరు ముందుగా, ఒకరు తరువాత దానిని అందుకున్నారన్నదే తేడా. అన్యాయం జరిగేది ఆ కొలబద్దను మీ కోసం తగ్గించినప్పుడే. పై జవాబులో చెప్పిన గణాంకశాస్త్రం సంగతి అలాంటిదే, అక్కడ నష్టపోయింది కూడా దరఖాస్తుదారే. కాబట్టి మదింపు కఠినంగా ఉండాలని మీరే కోరుకోండి, తలెత్తుకుని దరఖాస్తు పెట్టండి.

ప్రశ్న అడిగినవారు

ఇంత శ్రద్ధగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. గణాంకశాస్త్రానికి దరఖాస్తు పెట్టే ఆలోచన కొంత ఉండేది, ఇప్పుడు మానుకున్నాను. తరువాత వచ్చే వ్యయ అకౌంటింగ్ కోర్సు మొదటి అధ్యాయం తెరిచి చదివాను, అర్థమైంది. పాత కళాశాలకు సిలబస్ కోసం ఉత్తరం రాశాను.

ఫారంలో ఒక ఫలితం ఇలా ఉంది: "ముగింపు లెక్కలలో అవసరమైన సర్దుబాట్లను గుర్తించి, నమోదు చేసి, లాభం మీద వాటి ప్రభావాన్ని వివరించగలగాలి." మొదట నేను "11 ఏళ్లుగా అన్ని రకాల సర్దుబాట్లు చేస్తున్నాను" అని రాశాను. జవాబులు చదివాక దానిని కొట్టేసి ఇలా రాశాను:

"ఒక సంవత్సరం ముగింపు లెక్కలు సిద్ధం చేస్తున్నప్పుడు బీమా ఖర్చు అంతకుముందు ఏడాది కంటే చాలా ఎక్కువగా కనిపించింది. రసీదు తీసి చూస్తే, సంవత్సరం మధ్యలో 12 నెలలకు చెల్లించిన ప్రీమియం మొత్తాన్ని ఆ ఏటి ఖర్చుగానే నమోదు చేసినట్టు తేలింది. లెక్కల సంవత్సరం ముగిసే నాటికి ఇంకా 5 నెలల కాలం మిగిలి ఉంది. మొత్తంలో పన్నెండింట అయిదు వంతులను ముందుగా చెల్లించిన ఖర్చుగా ఆస్తుల వైపుకు మార్చాను. లాభం ఆ మేరకు పెరిగింది. ఒక కాలపు ఆదాయానికి ఆ కాలపు ఖర్చునే జతపరచాలి కాబట్టి ఇలా చేశాను. ఆ తరువాత, లెక్కల సంవత్సరం ముగింపు దాటి విస్తరించే చెల్లింపులన్నిటికీ ఒక పట్టికను పెట్టుకున్నాను. దాని ప్రతిని జతచేస్తున్నాను."

ఇది సరైన దారిలోనే ఉందా? మూతపడిన సంస్థ ఆరేళ్ల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. అప్పటి మేనేజరు గారు పదవీ విరమణ చేశారు, కానీ వారి చిరునామా నాకు తెలుసు.

జవాబు 1 రాసినవారు

ఇది చదివి చాలా సంతోషించాను. గుర్తించడం, నమోదు చేయడం, వివరించడం అనే మూడు క్రియలూ మీ పేరాలో ఉన్నాయి. అనుమానం ఎక్కడ మొదలైందో చెప్పిన మొదటి వాక్యం నాకు అన్నిటికంటే నచ్చింది. ఖర్చు ఎక్కువగా ఉందని గమనించడం పుస్తకం చదివినంత మాత్రాన రాదు. రెండు మాటలు చేర్చండి. మరుసటి సంవత్సరం ఆ 5 నెలల మొత్తాన్ని తిరిగి ఖర్చులోకి ఎలా తీసుకున్నారో రాయండి, లేకపోతే సగం కథే చెప్పినట్టు అవుతుంది. ఆ సర్దుబాటు పద్దును మీరే నిర్ణయించి రాశారా, ఎవరైనా చెబితే రాశారా అన్నది కూడా ఉన్నదున్నట్టు చెప్పండి. ఎవరైనా చెప్పి ఉంటే అందులో తప్పేమీ లేదు. ఆ తరువాతి పట్టిక మాత్రం మీ ఆలోచనే అని కనిపిస్తోంది. దీనికి తోడు, చెల్లించవలసి ఉన్న ఖర్చులకో సంశయాత్మక బాకీలకో (వసూలవుతాయో లేదో తెలియని బాకీలకో) సంబంధించిన మరొక ఉదాహరణ ఇస్తే "సరిపోతుందా" అన్న ప్రశ్న తీరుతుంది, ఎందుకంటే ఒకే రకం సర్దుబాటుతో ఆ ఫలితం మొత్తం నిండదు.

ఆ ఆరేళ్ల విషయంలో మీరు అనవసరంగా కలత చెందుతున్నారు. ప్రతి సంవత్సరానికీ ఆధారం చూపించాలన్న నియమమేమీ ఉండదు. ప్రతి ఫలితానికీ ఆధారం ఉంటే చాలు. ప్రస్తుత ఉద్యోగంలోని కాగితాలతో ఎన్ని ఫలితాలు పూర్తవుతాయో ముందు చూడండి. ఎక్కువ భాగం పూర్తవుతాయని నా అంచనా. పాత సంస్థలో మాత్రమే చేసిన పని ఏదైనా మిగిలితే, అప్పుడు మేనేజరు గారి సాక్ష్యం అవసరమవుతుంది. "వీరు నిజాయితీపరులు, కష్టపడి పనిచేస్తారు" అనే ఉత్తరం మదింపులో ఉపయోగపడదు. ఆ అభ్యసన ఫలితాల పేజీని వారికి పంపించి, వాటిలో ఏ పనిని మీరు స్వయంగా చేయడం తాము చూశారో, ఎంతకాలం, ఎంత పర్యవేక్షణలో చేశారో, తాము ఏ హోదాలో చూశారో మాత్రమే రాయమని వినయంగా కోరండి. అదీ కుదరకపోతే, ఒక నమూనా సంస్థ లెక్కలు ఇచ్చి మదింపుదారుల ముందే పని చేయించమని మీరే కార్యాలయాన్ని అడగవచ్చు. మేము చాలాసార్లు అలా చేయించాం. చేసి చూపించినదాని మీద సందేహించడానికి ఏమీ మిగలదు.

మౌఖిక పరీక్షకు పిలిస్తే, మీ పోర్ట్‌ఫోలియోలోని ప్రతి కాగితాన్నీ ముందురోజు మళ్లీ చదువుకుని రండి. అయిదేళ్ల కిందట తాము రాసిన పద్దునే గుర్తుపట్టలేక తడబడినవారిని చూశాను. వారికి పని రాక కాదు, తిరిగి చూసుకోక. తెలియని ప్రశ్న వస్తే తెలియదని చెప్పి, ఆ సమాధానాన్ని ఎక్కడ, ఎలా వెతుకుతారో చెప్పండి.

మేనేజరు గారికి మాత్రం ఈ వారమే ఉత్తరం రాయండి. మిగిలిన పనులన్నీ మీరు రాత్రుళ్లు కూర్చుని పూర్తిచేసుకోగలరు గానీ, వారి సమాధానం ఎప్పుడు వస్తుందన్నది మీ చేతిలో లేదు.